పాలిష్ పట్టిన వాచీ

చేతి గడియారాలు రకరకాలుగా పోతాయి. కొన్ని బస్సులో పోతాయి, కొన్ని బావిలో పోతాయి, కొన్ని బావమరిది చేతికి పోతాయి. నా గడియారం మాత్రం పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, నా చేతుల్లోనే అరిగిపోయింది. దాని వెంట నా పెళ్ళి కూడా పోయేదే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికి కొన్ని వందలసార్లు నవ్వారు కాబట్టి మీరు నవ్వినా నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. తాడిపత్రి బయట, యాడికి అనే ఊరికి పోయే రోడ్డు మీద మా నాయనకు చిన్న పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. గనుల నుంచి వచ్చిన నల్లబండల్ని కోసి, నున్నగా రుద్ది, లారీలకెత్తడం మా పని. నాకు ఇరవై ఆరేళ్ళు. వాన మా జిల్లా మొహం చూడక చాన్నాళ్ళయింది గానీ, బండలకు వానతో పనేముంది? ఆ ఏడు బెంగళూరులో వీధికి పది ఇళ్ళు లేస్తుంటే మా బండలన్నీ అక్కడికే పోయాయి. నాయన సంతోషపడి, నీకేం కావాలో కొనుక్కో పొమ్మన్నాడు. ఆయన మనసులో ఉన్నది రెండు జతల బట్టలు. నేను బెంగళూరు పోయి స్విట్జర్లాండు గడియారం కొనుక్కొచ్చాను. ఎంతకు కొన్నావని మీరు అడగవద్దు. నాయన అడిగాడు, నేను చెప్పాను, మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

తప్పు నాది కాదు, ఆ షోరూములో అమ్మినవాడిది. తలలో బండల దుమ్ము పెట్టుకుని లోపలికి పోయిన నన్ను వాడు సార్ అన్నాడు. తెల్లటి చేతితొడుగులు వేసుకుని ఆ వాచీని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, లోపలికి నీళ్ళు పోవు, పైన ఉన్నది అద్దం కాదు, రంగులేని నీలమణి రాయి, దాని మీద గీత పడదు అన్నాడు. మొదటి రెండు మాటలకు నేను తల ఊపి ఊరుకున్నాను. మూడో మాటకు లేచి నిలబడ్డాను. గీత పడని రాయి! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రాళ్ళ మీద గీతలు పోగొట్టి బతికే వంశం మాది. అలాంటి రాయిని వదిలిపెట్టి ఊరికి ఎలా తిరిగొస్తాను?

తాడిపత్రిలో దిగిన రోజు నుంచి నా ఎడమచేతికి పని ఎక్కువైంది. లారీ ఆపాలన్నా ఎడమచెయ్యే, టీ తాగాలన్నా ఎడమచెయ్యే. ఎవరైనా టైమడిగితే చటుక్కున చెప్పేవాణ్ణి కాదు. చొక్కా చెయ్యి పైకి లాగి, వాచీని ఎండకు తిప్పి, కనుబొమలు ముడిచి, అప్పుడు చెప్పేవాణ్ణి. ఈలోపు టైము మారిపోయేది.

తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. మా మిషను నడిపే మస్తాన్ తాళంచెవితో గీకాడు, ఏమీ కాలేదు. మేకుతో గీకాడు, ఏమీ కాలేదు. నేనే నల్లబండ మీద వాచీని బోర్లించి రుద్దాను. గీత బండ మీద పడింది. గ్రానైటు పెచ్చు తెచ్చారు, దానికీ లొంగలేదు. వారం తిరిగేసరికి నా వాచీని గీకనివాడు ఊళ్ళో లేడు. టీ అంగడి దగ్గర నన్ను కూచోబెట్టి, చెయ్యి చాపమని, వరుసలో నిలబడి గీకిపోయేవాళ్ళు. నేను ఆ వాచీ కంపెనీకి అల్లుణ్ణయినంత గర్వంగా కూచునేవాణ్ణి.

ఇక అసలు అల్లుడి సంగతికి వస్తాను. యాడికిలో పుల్లన్న అని మాకు దూరపు చుట్టం, నాకు మామ వరస. ముప్పై ఏళ్ళుగా గనుల్లో పెద్ద మేస్త్రీ. ఆయన కూతురు రమాదేవి అనంతపురంలో బీఈడీ చదువుతోంది. ఆ పిల్లను అంతకుముందు ఒక నామకరణంలో చూశాను. నచ్చింది అంటే చిన్నమాట. ఆ రోజు నేను పాయసం నాలుగుసార్లు వేయించుకున్నాను, ఎందుకంటే వడ్డిస్తున్నది ఆ పిల్ల. మా అమ్మ సంగతి కనిపెట్టి కబురు పంపింది. పుల్లన్న మామ సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఇంట్లో కుర్చీ మీద కూచుంటే అందరూ బుద్ధిమంతులే, పిల్లోణ్ణి పనిలో చూస్తాను అన్నాడు.

అన్నట్టే ఒక రోజు పొద్దున ఫ్యాక్టరీకి వచ్చాడు. కూతుర్ని హాస్టలుకు పంపడానికి అనంతపురం బస్సెక్కించాలి, అందుకని ఆమె కూడా వెంట ఉంది. ఆ పిల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూచుంది. పుల్లన్న మామ బండల మధ్య తిరిగాడు. చెంబుతో నీళ్ళు చల్లి చూశాడు, వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు, వంగి ఎండవాలుకు మెరుపు చూశాడు. అన్నిటికీ తల ఊపాడు. నాయన మొహం వెలిగింది. ఇక నమస్కారం పెట్టి సాగనంపితే నా పెళ్ళి అయిపోయినట్టే. కానీ అంతసేపు తిరిగినా ఆయన నా వాచీ గురించి ఒక్క మాట అనలేదు. నా ప్రాణం ఊరుకోలేదు.

"మామా, వాచీ చూసినారా?" అన్నాను.

"చూసినా. బాగుండాది. జాగ్రత్తగా పెట్టుకో."

"దీనికి జాగ్రత్త అక్కర్లే మామా. ఏం చేసినా గీత పడదు."

"గీత పడని రాయి యాడుండాదప్పా? దేంతో గీకాల్నో తెలియాల, అంతే," అన్నాడాయన, ఊరికే, చెప్పుల దుమ్ము దులుపుకుంటూ.

సరిగ్గా అప్పుడు రమాదేవి తలెత్తి నా వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళవాడు చెడిపోవడానికి అంతకంటే ఏం కావాలి? బండలు రుద్దే చేతిమిషను పట్టుకురమ్మని మస్తాన్‌ను కేకేశాను.

మస్తాన్ తెచ్చాడు గానీ చేతికివ్వలేదు. "అన్నా, దీనికి వేసింది డైమండ్ ప్యాడు. వజ్రం పొడి. వద్దన్నా," అన్నాడు.

నాకు తెలియదా? ఆ ప్యాడ్లు కొన్నది నేను. వజ్రం ముందు ఏ రాయీ నిలబడదు, వేళ్ళు జాగ్రత్త అని కూలీలకు వారానికోసారి ఉపన్యాసం ఇచ్చేది నేను. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నదల్లా బెంచీ మీది ఆ రెండు కళ్ళు. వాచీని చెక్కదిమ్మకు బిగించి, మస్తాన్‌ను నీళ్ళ పైపు పట్టమని, మిషను ఆన్ చేసి ఆనించాను. జుర్రుమని ఒక్క చప్పుడు వచ్చింది. ఎత్తి చూస్తే అద్దం మజ్జిగలా తెల్లబడింది. లోపల ముళ్ళున్నాయో లేవో కూడా తెలియడం లేదు.

నాయన నుదురు పట్టుకున్నాడు. రమాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, దుమ్ముకు దగ్గు వచ్చిందేమో అనుకున్నాను.

మీరైతే అక్కడితో ఆపేవారు. ఏ ఊరివాడైనా ఆపేవాడు. నేను తాడిపత్రివాణ్ణి. రాయి మీద గీత పడితే మాకు అది ఏడుపు కాదు, పని. బండను గీతలు పోయేలా ఎలా తేరుస్తామో అలాగే దీన్నీ తేరుస్తాననుకున్నాను. ప్యాడ్లన్నీ తెమ్మన్నాను. వాటికి నంబర్లుంటాయి. యాభై గరుకు, మూడువేలు నునుపు. ఒక్కో నంబరూ దాని ముందు నంబరు గీతల్ని మాపుతుంది. మధ్యలో ఏదైనా ఎగరగొడితే పైన మెరుస్తుంది గానీ అడుగున గీత అలాగే ఉండిపోతుంది.

యాభై వేశాను, వంద వేశాను. రెండువందలకే చుట్టూ ఉన్న బంగారు అంచు పోయి తెల్లటి ఇనుము బయటపడింది. నాలుగువందలకు పక్కన తిప్పే బుడిపె ఎగిరి బండల్లో పడింది. మస్తాన్ ఒక చేత్తో పైపు పట్టుకుని, కళ్ళు మూసుకుని యా అల్లా అంటున్నాడు. నాకు మాత్రం దిగులు పోయి ఊపొచ్చింది. ఎనిమిదివందలు, పదిహేనువందలు, చివరకు మూడువేలు. మిషను ఆపి, చొక్కాతో తుడిచి, పుల్లన్న మామ చేతిలో పెట్టాను.

"ఒక్క గీత కనపడితే చెప్పండి మామా," అన్నాను, చెమటలు కక్కుతూ.

నిజంగానే ఒక్క గీత లేదు. అద్దం తళతళలాడుతోంది. అందులోంచి లోపల జరిగింది స్పష్టంగా కనపడుతోంది. వేడికో అదురుకో అంచు వదులై, నీళ్ళూ బండ పిండీ కలిసి లోపలికి పోయాయి. సగం గడియారం బురద. పెద్దముల్లు ఆ బురదలో ఎనుములా పడుకుని ఉంది.

ఆయన దాన్ని ఎండకు పెట్టి, అటూ ఇటూ వాల్చి చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహం చూసి, "ఇప్పుడు టైమెంతప్పా?" అన్నాడు.

రమాదేవి లేచి, "పదకొండుంబావు నాయనా. పా, బస్సు పోతాది," అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. గేటు దాటాక ఆ పిల్ల భుజాలు అదరడం చూశాను. అది దగ్గు కాదని అప్పుడు తెలిసింది.

తర్వాతి పది రోజులు తాడిపత్రిలో అందరికీ ఒక్కసారిగా టైముతో పని పడింది. టీ అంగడిలో టైమెంత, బస్టాండులో టైమెంత, లారీ డ్రైవర్లు బండి ఆపి మరీ టైమెంత. యాడికి నుంచి మాత్రం కబురు లేదు. వాచీ కోసం నేను ఒక్క పూట కూడా బాధపడలేదు. ఆ పిల్ల దక్కదని మాత్రం బండల దొంతర చాటున కూచుని నిజంగానే ఏడ్చాను.

పదకొండో రోజు అదే చాటున కూచుని ఉండగా పుల్లన్న మామ గొంతు వినిపించింది. ఆఫీసు గది ముందు నాయనతో మాట్లాడుతున్నాడు. నేను కదలకుండా చెవులు రిక్కించాను.

"మీవోనికి బుద్ధి తక్కువ బావా," అన్నాడు.

"అది ఊరందరికీ తెలిసిందే," అన్నాడు నాయన. కన్నతండ్రి కదా, ఒక్క క్షణమైనా తడుముకోవాలి. తడుముకోలేదు.

"ముప్పై ఏండ్లుగా మేస్త్రీలను చూస్తాండా. పెద్దోళ్ళు ఎదురుగా నిలబడితే కంగారుపడి నడిమధ్య రెండు నంబర్లు ఎగరగొట్టి, మెరుపు తెప్పించి చూపిస్తారు. మీవోడు సొంత వాచీ చస్తాన్నా ఒక్క నంబరు ఎగరగొట్టలే. నేను ఎండకు పెట్టి మరీ చూసినా. ఇట్లాటోడు దేన్నైనా నాశనం చేస్తాడు గానీ, మోసం మాత్రం చెయ్యడు. పిల్లనిస్తా."

చాటు నుంచి బయటికి రాబోయి దొంతర మీది బండ కాలి మీద వేసుకున్నాను. కుంటుకుంటూ పోయి మామ కాళ్ళకు మొక్కాను. ఆయన నన్ను లేపి, కూతురు ఒక మాట చెప్పి రమ్మన్నదని, అది ఇప్పుడే తేలాలని అన్నాడు.

"పెండ్లికొడుక్కు మా వైపు వాచీ పెట్టేది ఆనవాయితీ గదా. నీకు పెట్టొద్దంట. ఉంగరమూ వద్దంట. రుద్దితే అరగని వస్తువు ఏదన్నా ఉంటే నువ్వే చెప్పాలంట."

అలాంటి వస్తువు ఈ లోకంలో లేదని అప్పటికి నాకంటే బాగా తెలిసినవాడు ఎవడున్నాడు? ధర్మవరం పట్టుపంచె పెట్టారు, కట్టుకున్నాను. ఆ పీటల మీదే, అగ్నిసాక్షిగా, పురోహితుడు చెప్పించిన ప్రమాణాలకు తోడు నాదొకటి లోలోపల చేర్చుకున్నాను. ఇకమీదట ఏ అంగడివాడైనా ఏ వస్తువునైనా చూపించి దీనికి ఏమీ కాదు సార్ అంటే, రెండు చేతులూ జోడించి నమ్ముతాను. ప్రాణం పోయినా పరీక్ష పెట్టను.