పదమూడో భాగంలో రాక్షసుడు

1986 వర్షాకాలంలో, పిల్లల కోసం తోలుబొమ్మల సీరియల్ ఒకటి రికార్డు చేయమని మా టీవీ కేంద్రం నన్ను నర్సీపట్నం పంపింది. అప్పటికి నేను ప్రొడక్షన్ అసిస్టెంటును. అంటే తెర మీద ప్రొడ్యూసరు పేరు పడుతుంది, ఆ తెర కట్టించేవాడు అసిస్టెంటు. మా ప్రొడ్యూసరు నాలుగు రోజులకే జ్వరమని హైదరాబాదు బస్సెక్కేశాడు. భారమంతా నా నెత్తిన పడింది.

కార్టూన్లు గీయించే స్తోమత అప్పట్లో మాకు లేదు. కదిలే బొమ్మలు కావాలంటే తోలుబొమ్మలే దిక్కు. వారానికొకటి చొప్పున పదమూడు భాగాలు తీయాలి. ఒక జీడిపిక్కల గోదాము అద్దెకు తీసుకున్నాం. షూటింగు దీపాల వేడికి తోలు ముడుచుకుపోతుందని మామూలు బల్బులు వరసగా కట్టాం. కరెంటు పోయినప్పుడల్లా చేతులు ముడుచుకుని వాన చూస్తూ కూర్చునేవాళ్ళం.

బొమ్మలాడించేది అప్పలస్వామి, యాభై దాటిన మనిషి. మగ గొంతులన్నీ ఆయనవి, ఆడ గొంతులన్నీ ఆయన భార్య బంగారమ్మవి. కథ నేను రాసిందే. ఒక రాక్షసుడు ఏటికి అడ్డంగా కూర్చుని ఊరికి నీళ్ళందకుండా చేస్తాడు, చివరికి ఊరివాళ్ళ చేతిలో చస్తాడు. పన్నెండు భాగాలు పూర్తయ్యాక పైనుంచి ఫోనొచ్చింది. చూసేది పిల్లలు కనుక చంపడం వద్దు, రాక్షసుడు పశ్చాత్తాపపడాలి, ఊరు క్షమించాలి అని స్క్రిప్టు కమిటీ నిర్ణయించిందట. కమిటీకి ఎదురు చెప్పే హోదా నాది కాదు. ముగింపు తిరగరాసి అప్పలస్వామికి చదివి వినిపించాను.

ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళ ఆచారంలో దేవుళ్ళు, మంచివాళ్ళ బొమ్మలు ఒక కట్ట, రాక్షసుల బొమ్మలు వేరే కట్ట. ఒకే పెట్టెలో పెట్టినా మధ్యన చాప ముక్క అడ్డం ఉండాల్సిందే.

“ఈడు మంచోడైపోతే ఏ కట్టలో ఎట్టమంటారు బాబూ?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

అసలు సంగతి బంగారమ్మ చెప్పింది. అప్పలస్వామికి సన్యాసి అని ఒక తమ్ముడున్నాడు. తండ్రి బతికుండగానే వాటాల కోసం పట్టుబట్టి, బొమ్మలనూ పంచమన్నాడు. రాక్షసుల కట్ట తన వాటాకి తీసుకుపోయి ఒడిశా వైపు అమ్మేశాడు. రాక్షసుడు లేకపోతే యుద్ధం ఎవరితో? ముసలాయన మళ్ళీ తెర కట్టలేదు. ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. ఇప్పుడున్న రాక్షసులు ఆ తర్వాత అప్పలస్వామి కొత్తగా చేసుకున్నవి.

“మా మావ పేనం పోతంటే కబురెట్టినాం బాబూ. ఆడు రానేదు,” అంది బంగారమ్మ.

గోదాము అరుగు మీద రోజూ దగ్గుతూ కూర్చునే బక్కమనిషిని నేను కూలివాడనుకున్నాను. ఆయనే సన్యాసి. ఒంట్లో సత్తువ పోయాక తిరిగొచ్చి, మద్దెల కొట్టుకునైనా మీతో ఉంటానని అడుగుతున్నాడట. అన్న పలకడం లేదు. బంగారమ్మే గంజి పోస్తోంది.

ఒప్పుకున్న ఆట మధ్యలో ఆపకూడదని చివరికి అప్పలస్వామే అన్నాడు. మర్నాడు రికార్డు చేశాం. రాక్షసుడి గొంతూ ఆయనదే, క్షమించే ఊరి పెద్ద గొంతూ ఆయనదే. రాక్షసుడు కాళ్ళ మీద పడ్డాడు. “నీల్లొగ్గీసినావు, అదే సాలు. రా, మాతో కూకో,” అన్నాడు ఊరి పెద్ద. కెమెరామన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క టేకులో ఓకే అయింది.

తలుపు దగ్గర నిలబడి విన్న సన్యాసి తిన్నగా లోపలికొచ్చి అన్న కాళ్ళు పట్టుకున్నాడు.

“బొమ్మని సెమించినావు గదా అన్నియ్యా! నానేటి సెయ్యాలో సెప్పు.”

అప్పలస్వామి కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, వంగి లేపనూ లేదు. “బొమ్మకి సెప్పినియ్యి ఈ బాబు రాసిన మాటలు. నీకు సెప్పడానికి నా కాడ మాట నేదురా. ఎతికినాను. నేదు,” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

సన్యాసి కాసేపటికి తనే లేచి వానలోకి వెళ్ళిపోయాడు. బంగారమ్మ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. మేం సామాను సర్దుకున్నాం.

మరుసటి ఏడు ఇంకో పని మీద వెళ్ళినప్పుడు తెలిసింది, సన్యాసి మాకవరపాలెంలో ఎవరి పంచలోనో చనిపోయాడట. కబురు అందగానే అన్న వెళ్ళి, తలకొరివి తనే పెట్టాడట. మాట దొరికిందా అని నేను అడగలేదు. అడగనిచ్చే ముఖం ఆయనది కాదు.

తర్వాత ప్రొడ్యూసరునయ్యాను, స్క్రిప్టు కమిటీలోనూ కూర్చున్నాను. దుర్మార్గుడు ఎంత బాగా ఏడ్చాడో చూసి ముగింపు బాగుందనడం మా వాళ్ళకు అలవాటు. క్షమించేవాడికి క్షమించానన్న మాట నోటికి రావడానికి కథలో ఎంత వ్యవధి ఇచ్చారని నేను అడిగేవాణ్ణి. చివరి భాగంలో చోటు లేదని రచయితలు అంటే, క్షమించకుండానే ముగించమని రాసి స్క్రిప్టు వెనక్కి పంపేవాణ్ణి.