లక్ష్మి ఫోటోల నేను పెట్టిన చుక్క

ఆరేండ్ల నుంచి మోస్తున్న. ఎవ్వరికీ చెప్పలే. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు. గందుకే చెప్పగలుగుతున్న. ఒక మనిషి బతుకు నేను ఖరాబ్ చేసిన. కోపంల కాదు, పొరపాటున కాదు. నిమ్మళంగ కూసోని, చాయ్ తాగుకుంట చేసిన.

ఆర్మూర్ల ఒక ప్రైవేటు బడిల నేను కంప్యూటర్ టీచర్ని. లక్ష్మి సైన్సు చెప్పేది. రోజూ మోర్తాడ్ నుంచి బస్సుల వచ్చేది. వాళ్లమ్మ బీడీలు చుడుతది. పక్కన కూసోని తను గూడ చుట్టుకుంటనే డిగ్రీ చదివింది. బడిల అందరికీ ఆమె మేడం. నన్ను మాత్రం అక్కా అని పిలిచేది.

గెలాక్సీల ఫోటోల పిచ్చి ముందుగాల నాదే. ఆన్‌లైన్‌ల ఒక గ్రూపుల చేరిన. వాళ్లకు చిలీ దేశంల ఒక కొండ మీద టెలిస్కోప్ ఉంది. ఇంటర్నెట్ల వంతు పెట్టుకుంటే, ఇక్కడ మన బడిల పొద్దుగాల ప్రార్థన నడుస్తుంటే అక్కడి చీకట్ల అది మనకోసం ఫోటోలు తీస్తది. ఒక్క ఫోటోల ఏం కనవడదు, అంతా మసక. గసొంటియి ముప్పై, నలభై ఒకదాని మీద ఒకటి పేర్చాలె. తర్వాత ఓపికతోని వెలుగూ రంగూ బయటికి తియ్యాలె. పేర్చే పని నాది, రంగు తీసే పని లక్ష్మిది. మౌస్ పట్టుకునుడు కాడికెల్లి నేనే నేర్పిన.

ఏడాదిల నన్ను దాటిపోయింది. నేను చేస్తే గెలాక్సీ మార్కెట్ యార్డుల ఆరబోసిన పసుపు లెక్క ఉండేది, అంతా ఒకటే రంగు. ఆమె చేస్తే దాని లోపలి దుమ్ము గీతలు గూడ ఒక్కొక్కటి కనవడేవి. "లక్ష్మి గారు ఇది ఎట్ల చేసిండ్రు?" అని గ్రూపుల అందరూ అడిగేటోళ్లు. నా పేరు ఎవ్వరూ ఎత్తలే. గింత చిన్నదానికా అంటవేమో. నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్ననో. గింత చిన్నదానికే.

ఒకనాడు పేర్చిన ఫోటోల, గెలాక్సీ అంచుకు, ఒక చుక్క పెట్టిన. పక్కనున్న నక్షత్రాన్నే నకలు తీసి, జర మసక చేసి అతికిచ్చిన. ముందు లేని కాడ కొత్తగ చుక్క కనవడ్డదంటే అక్కడ నక్షత్రం పేలినట్టు. అది మొదలు చూసినోళ్లకు మస్తు పేరొస్తది. లక్ష్మి కండ్లు ఎంత చురుకో నాకు తెల్సు.

తెల్లారి ఉరికొచ్చింది.

"అక్కా, గీ సుక్క పాత ఫోటోలల్ల లేదు! పేర్చకముందు అసలు ఫోటోలల్ల ఉందా, సూసినవా?"

"చూసిన. అన్నిట్ల ఉంది."

"నిజంగనా?"

"గ్రూపుల పెట్టు లక్ష్మీ. నీ పేరు మీదనే పెట్టు."

నా రెండు చేతులు పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. తన కోసం సంతోషపడుతున్న అనుకుంది.

ప్రార్థనల ప్రిన్సిపాల్ సారు ఆమెకు శాలువా కప్పిండు. వారం తిరగకముందే గ్రూపు పెద్దమనిషి టెలిస్కోప్ కాడున్న అసలు ఫోటోలు తీసి చూసిండు. ఒక్కదాంట్ల గూడ చుక్క లేదు. సారు మమ్ముల ఇద్దర్నీ గదిలకు పిలిచి, ఫోన్ల గ్రూపు పెద్దమనిషి వింటుండంగ నన్ను అడిగిండు.

"నువ్వు పేర్చి ఇచ్చినప్పుడు గీ చుక్క ఉండెనా?"

"లేకుండె సార్."

"అక్కా, ఉందని నువ్వే చెప్తివి గదా?" అన్నది లక్ష్మి.

"చేసింది చేసి ఇంకొకరి మీద తోస్తవా?" అని సారు కసిరిండు.

తల వంచుకున్న అని రాస్తే, సిగ్గుపడ్డ అనుకుంటవ్. వంచుకోలే. ఆమె మొఖమే చూసిన. చూడాలనిపించింది.

ఇగ పిల్లలు మొదలువెట్టిండ్రు. "మేడం, మా పేపర్ల గూడ ఓ సుక్క పెట్టుర్రి, పాసైతం." పక్క గదిలకెల్లి నేను విన్న. నవ్విన గూడ. పదిహేను రోజులకు ఆమె బడికి వచ్చుడు బంద్ చేసింది. గ్రూపుల ఆమె వంతులు నాకిచ్చిండ్రు. తీసుకున్న.

గప్పుడు నాకు బాధ కాలే. అన్నిట్లకెల్ల గీ మాట రాయనీకే చెయ్యి ఆగింది.

రెండేండ్ల కింద మా ఇంటికొచ్చింది. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు కాయలు కాసినయి. నందిపేట్ల ఒక బడిల సైన్సు పోస్టు ఉందట. పాత సంగతి అక్కడ గూడ ఎవరో చెప్పిండ్రట.

"నేను గసొంటిదాన్ని కాదని ఒక్క మాట రాసియ్యి అక్కా. నువ్వు చెప్తే నమ్ముతరు."

ఇంకా నన్ను నమ్మే అడిగిందా? లేకుంటే అంతా తెల్సి, నాకు ఒక అవకాశం ఇద్దామని వచ్చిందా? అడిగే ధైర్యం నాకు లేకుండె. "చూస్తా తియ్" అన్న. రాయలే. పోస్టు వేరేటోళ్లకు పోయింది.

నీకు గిదంత రాసిన. ఆమెకు ఒక్క మాట రాయలే. రేపు రాస్తనా? రాయను. నన్ను నేనెరుగుదు. మాఫీ చెయ్యమని నిన్ను అడుగుత లేను, అది నీ చేతిల లేదు.

గా చుక్క నేనే పెట్టిన. గీ మాట నా చేతితోని రాసుడు గిదే మొదటిసారి. జర తేలికైంది. ఆమెకు మాత్రం ఏం తేలిక కాలే.