ఖాళీ ఇళ్లలో ఆమె

నాగర్‌కర్నూల్‌లో ఇళ్ల ప్లాన్లు గీయడం నా బతుకుదెరువు. రెండు పడకగదులు, ఈశాన్యంలో బోరు, మెట్ల కింద బాత్రూము. నన్ను ఎవరైనా అడిగేవి అవే. పేరుమోసిన ఆధునిక వాస్తుశిల్పులు సంతకం చేసిన పుస్తకాలు పోగుచేయడం మాత్రం నా పిచ్చి. వాళ్లు కట్టిన ఇళ్లు చూసే యోగం నాకు లేదు. కనీసం వాళ్ల చెయ్యి ఆనిన కాగితమైనా నా ఇంట్లో ఉండాలనుకునేవాణ్ణి.

వనపర్తిలో పాత పుస్తకాలమ్మే ఒకాయన ఓ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "సారూ, జర జల్ది రా. ఇండ్ల బొమ్మల పుస్తకం దొరికింది. లోపట ఇంగ్లీషుల దస్కత్ ఉంది."

వెళ్లి చూస్తే, ఏళ్లుగా నేను వెతుకుతున్న సంతకం. గద్వాలకు చెందిన ఒక విద్యార్థికి ఇస్తున్నట్టు, అతని పేరుతో సహా, సంతకం పైన రాసి ఉంది.

ఇంటికి తెచ్చి పేజీలు తిప్పాను. ఇలాంటి పుస్తకాల్లో ఫొటోలన్నీ మనుషుల్లేని ఇళ్లవే. ఇందులో మాత్రం ప్రతి గదిలోనూ ఎవరో పెన్సిల్‌తో ఒక ఆడమనిషిని గీశారు. వేలెడంత కూడా ఉండదు. ఒకచోట అద్దాల గోడ పక్కన కూర్చుంది. ఇంకోచోట మెట్ల మీద ఆగి వెనక్కి చూస్తోంది. ముఖం లేదు. చీర కొంగు మాత్రం అంచుతో సహా ఎంతో శ్రద్ధగా గీసి ఉంది. ఆ తర్వాత నా తక్కిన పుస్తకాలు తెరిచినా ఆమె కోసమే వెతికేవాణ్ణి. ఆమె కనిపించని గదిలోంచి ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టుండేది.

ఉండబట్టలేక గద్వాల వెళ్లాను. చేనేతవాళ్ల వీధిలో ఆ పేరు చెబితే ఒక ముసలామె ఇల్లు చూపించారు. ఆ విద్యార్థి ఆమెకు అన్న. పుస్తకం చూడగానే ముట్టుకోకుండా చేతులు వెనక్కి తీసుకుంది.

"బొమ్మలల్ల ఉన్నది మా వదినె, బిడ్డా," అంది. "అన్న పట్నంల ఇండ్లు కట్టే సదువు సదివిండు. ఎవరో పెద్దాయన వస్తే గీ పుస్తకం మీద దస్కత్ పెట్టిచ్చుకున్నడు. వదినె ఈడ్నే, గా గుంటమగ్గంల కూసోని నేస్తుండె. కిటికీ లేదు, అంత చెమ్మ. దగ్గు పట్టుకొని దవాఖానల పడ్డది. అన్న వచ్చేసరికే పాణం పోయింది. 'దానికి ఎల్తురున్న ఇల్లు కట్టిస్తనంటి' అని ఒకటే ఏడ్సిండు. ఇగ మల్ల పట్నం పోలే. ఆమె మగ్గంలనే కూసున్నడు. పని కాంగనే పుస్తకం ముంగటేసుకొని ఆమెను ఇంటింటికి తిప్పుతుండె."

"మరి ఎందుకు ఇచ్చేశారమ్మా?"

"అన్న పోయినంక ఇంట్ల ఉంచుకోబుద్ధి కాలే. తెరిస్తే మమ్ముల్నే సూస్తున్నట్టు ఉంటది."

తిరిగి ఇస్తానంటే వద్దంది. "నీ తాన్నే ఉండనియ్యి. ఎవరన్న సూస్తుంటే ఆమెకు ఒంటరిగ ఉండదు."

ఈమధ్య హైదరాబాదు నుంచి నాలాగే పుస్తకాలు సేకరించే ఒకాయన ఫోన్ చేశాడు. పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపేస్తే పుస్తకం కొత్తదైపోతుందన్నాడు. కుదరదని పెట్టేశాను.

మొన్న మా ఆవిడ బల్ల తుడుస్తూ ఆ పుస్తకం తిరగేసింది.

"ఏందిది, ఈమె ఈడ నిలవడ్డది? పోయినసారి సూసినప్పుడు ఇదే గదిల కూసోనుండె గద," అంది.

నేను గీస్తున్న ప్లాన్ మీంచి తల ఎత్తలేదు. ఏ పేజీ అని అడగలేదు.