ఐదు బోల్టులు, ఆరు బొక్కలు

మా ఎస్‌యూవీకి మంచి చక్రాలే ఉన్నాయి. అయినా స్నేహితుడు అమ్మేస్తున్న వెడల్పాటి చక్రాల మీద మా ఆయన కన్ను పడింది. అవి ఇంకో కంపెనీ బండివి. వాటికి ఐదు బొక్కలు, మా బండికి ఆరు బోల్టులు. "మధ్యలో అడాప్టర్ ఏస్తే సరిపోతాది" అంటూ, ఒక పక్క ఆరు బొక్కలు, ఇంకో పక్క ఐదు బోల్టులు ఉన్న మందపాటి బిళ్లలు హిందూపురంలో బిగించుకొచ్చాడు. చక్రాలు నాలుగూ బయటికి పొడుచుకొచ్చాయి.

"ఇప్పుడు సూడు, ఎట్లుండాదో!"

నా కళ్లకు, మోచేతులతో జనాన్ని తోసుకుపోయే మనిషిలా ఉంది.

ఆ వారమే ధర్మవరంలో మా చెల్లెలి సీమంతం. దానికి వెళ్తుంటే పెనుకొండ దగ్గర, పొడుచుకొచ్చిన ఆ టైర్లలో ఒకటి రోడ్డు పక్క రాయికి కోసుకుపోయింది. పంక్చర్ షాపాయన వచ్చి, డిక్కీలోంచి స్టెప్నీ తీశాడు. అది మా పాత చక్రాల జతలోదే.

"ఏమప్పా, ఈడ ఐదు బోల్టులుండాయి, దీనికేమో ఆరు బొక్కలు. ఎట్ల ఎక్కించేది?"

అడాప్టర్ ఊడదీద్దామంటే దాని నట్లు లోపలికి దిగి ఉన్నాయి. వాటికి పట్టే పానా ఆయన దగ్గరా లేదు, మా దగ్గరా లేదు. నాలుగు చక్రాల గురించి నెల్లాళ్లు నా బుర్ర తిన్న మనిషికి ఐదోది గుర్తే రాలేదు!

ఒళ్లు మండిపోతుంటే, ఆయన్ని బండి దగ్గరే వదిలేసి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గాజుల బుట్టతో బస్సెక్కాను. ఐదు నిమిషాలకే ఫోన్ మోగింది. పానా దొరికిందేమోనని ఆశగా ఎత్తాను.

"కిటికీలోంచి మన బండిని సూసినావా? ఎట్ల కనిపించె?"