సలీం భాయ్ మీద వేసిన నింద

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలి పడమని మాత్రం అడగను. నేను చేసినదాంట్లో సగానికి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మాది చాంద్రాయణగుట్టలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషన్ ఉండేది. మా ఆయనది ఫోన్లో కస్టమర్లకు జవాబులు చెప్పే ఉద్యోగం. ఇంటి నుంచే పని అన్న రోజు నుంచి ఆ గది ఆయన ఆఫీసైంది, నా మిషన్ మీద దుప్పటి పడింది. నేను పెడల్ తొక్కితే చాలు, హెడ్‌ఫోన్ తీయకుండానే వేలు పైకెత్తేవారు. కుక్కర్ కూడా ఆయన్ని అడిగే విజిల్ వేయాలి. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు గడప దాకా వచ్చి తిరిగిపోయేవారు, తర్వాత రావడమే మానేశారు. అలా రెండేళ్లు. నేను అడగలేదా? అడిగాను. "జర ఓపిక పట్టు" అన్నారు. ఆ జర ఎంత పొడుగో ఆయనకే తెలియాలి.

ఒకరోజు వాళ్ల మేనేజరు ఫోన్ స్పీకర్లో చెబుతుంటే విన్నాను. ఇంట్లో నెట్ సరిగా రానివాళ్లు ఇక ఆఫీసుకే రావాలట.

మాకు నెట్ కనెక్షన్ బిగించిన సలీం భాయ్ మా పక్క బస్తీ బార్కస్ మనిషి. నలభై దాటినవాడు, చెప్పులు గడప బయటే విడిచి వచ్చేవాడు. బిగించిన రోజే నాకు చెప్పాడు: "అక్కా, గీ వైరు లోపట గాజు ఉంటది. గట్టిగ మడతవెడితే లైటు ఆడ్నే ఆగిపోతది. జర పైలం."

నేను శ్రద్ధగానే విన్నాను. బీరువా వెనక ఆ తీగను మడిచి తల క్లిప్పు పెట్టాను. రూటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. సలీం వస్తున్నానని ఫోన్ చేయగానే క్లిప్పు తీసేసేదాన్ని. పాపం, తీగ కొసలు మార్చాడు, రూటర్ మార్చాడు, ఎండలో స్తంభమెక్కాడు. నాలుగుసార్లు వచ్చాడు. ప్రతిసారీ చాయ్ కూడా ఇచ్చాను!

ఐదోసారి ఫోన్ చేయకుండానే వచ్చాడు. నేను మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి అతని చెయ్యి బీరువా వెనక ఉంది. క్లిప్పు తీసి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. గుమ్మం బయట ఫోన్లో ఉన్న మా ఆయన లోపలికి వస్తూనే లొల్లి మొదలుపెట్టారు.

"ఏం భాయ్, ఎన్నిసార్లొస్తవ్? అసల్ పని వస్తదా నీకు?"

సలీం నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో నాకు తెలియదు. నేనే ముందు అందుకున్నాను.

"గీయన చెయ్యి వెట్టినప్పటికాంచే ఖరాబైతుంది. వేరేటోళ్లను పంపుమను."

"అవ్ సార్, నాదే గల్తీ" అన్నాడు సలీం. క్లిప్పును గుప్పిట్లోనే దాచుకుని వెళ్లిపోయాడు.

ఎందుకు దాచాడు? దుప్పటి కప్పిన మిషన్ చూశాడా? నిజం చెబితే ఈమె తన్నులు తింటుందని భయపడ్డాడా? మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, వేలే ఎత్తుతారు. ఆ సంగతి అతనికి తెలియదు కదా.

ఆ సాయంత్రమే మా ఆయన సలీం పేరు చెప్పి కంపెనీకి ఫిర్యాదు చేశారు. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాను. తర్వాత అతని బదులు నెట్ చూడ్డానికి వచ్చినతను చెప్పాడు, ఒకే ఇంటి నుంచి ఇన్ని ఫిర్యాదులొచ్చాయని సలీంను తీసేశారని. అన్నిసార్లు నెట్ పోయిందని పదిరోజులకు మా ఆయనను ఆఫీసుకే వచ్చి పనిచేయమన్నారు. నేను మిషన్‌కు నూనె వేశాను.

తీగ వంచినందుకు నాకు బాధ లేదు. మళ్లీ ఆ రోజులొస్తే మళ్లీ వంచుతాను, మీరు మూతి విరిచినా సరే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. నా పని నేను దక్కించుకోవడానికి ఇంకో మనిషి పని పోగొట్టాను. దీనికి ఏ సాకు వెతికినా దొరకలేదు.

బార్కస్ ఎంత దూరం? బస్సెక్కితే పది నిమిషాలు. వెళ్లలేదు. "పోనీ అక్కా" అంటాడేమోనని భయం. ఆ మాట పుచ్చుకునే మొహం నాకు లేదు, అడుక్కునే ఉద్దేశమూ లేదు.

నిన్న అన్నం వడ్డిస్తూ మా ఆయనకు అంతా చెప్పేశాను. మండిపడతారనుకున్నాను. ముద్ద ఆపి, "ఏ సలీం?" అన్నారు.

ఆయనకు పేరు కూడా గుర్తు లేదు. ఆ మనిషి గుర్తున్నది ఈ ఇంట్లో నాకొక్కదానికే. అందుకే ఇది రాస్తున్నాను. తీగ వంచింది నేను, నింద వేసింది నేను. సలీం భాయ్ తప్పు ఏమీ లేదు. ఇది రాసినంత మాత్రాన అతని ఉద్యోగం తిరిగి రాదు. నాకు మాత్రం తేలిగ్గా ఉంది. అందుకు కూడా సిగ్గుపడుతున్నాను.