పిన్నిగారు విన్న డిటెక్టివ్ నవల

పక్కింటి పిన్నిగారు పోయారన్న కబురు గోడ మీదుగా వచ్చింది. పొద్దున్నే పంపు కింద బిందె పెట్టి నిలబడి ఉంటే, గోడ అవతల నుంచి వాళ్ళ కోడలు, "వదినగారూ, అత్తయ్యగారు లేవట్లేదండి" అంది. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. పెద్ద వయసు, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారు, అదృష్టవంతురాలని వచ్చినవాళ్ళంతా అన్నారు. నాకు మాత్రం ఆవిడకి వినిపించాల్సిన అధ్యాయం ఒకటి మిగిలిపోయింది.

బ్యాంకులో రిటైరయ్యాక నేను, చూపు లేనివాళ్ళ కోసం పాత తెలుగు పుస్తకాలు చదివి రికార్డు చేసే నలుగురైదుగురిలో ఒకదాన్నయ్యాను. ఒకరు చదువుతారు, ఇంకొకరు అదే పుస్తకం ఎదురుగా పెట్టుకుని విని, తప్పులు రాసి పంపుతారు. నా తప్పులు పట్టేది కాకినాడలో ఉండే రిటైర్డ్ లెక్చరరుగారు. కిందటేడు నా వంతుకి అట్ట కూడా లేని ఒక పాత డిటెక్టివ్ నవల వచ్చింది. అందులో జమీందారు హత్య, ఇంటినిండా అనుమానితులు, ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం.

మాది నిడదవోలు, స్టేషను వెనక వీధి. జంక్షను పక్కన కూర్చుని రికార్డింగేమిటని మీరు నవ్వొచ్చు, మావాళ్ళూ నవ్వారు. పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర దాకా రైళ్ళు కాస్త పలచబడతాయని కనిపెట్టి, ఆ గంట ఖాయం చేసుకున్నాను. గోడలకి బొంతలు వేలాడదీశాను. కిటికీ రెక్క ఒకటి చెమ్మకి ఉబ్బిపోయి మూతపడదు. ఆ కిటికీ కిందే పిన్నిగారి వంటింటి గుమ్మం. మొదటిరోజు ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని గోంగూర తుంచుతూ, "నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావేంటమ్మా" అని అడిగారు. సంగతి చెప్పాను. మర్నాటినుంచి సరిగ్గా పదిన్నరకి పీట అక్కడ పడేది.

పిన్నిగారు గోదావరి మధ్య లంకలో పుట్టారు. బడి అవతలి ఒడ్డున ఉండేదట. ఆడపిల్లని రోజూ పడవెక్కించి పంపే ఓపిక ఎవరికీ లేకపోయింది. అందుకని అక్షరం రాదు. కానీ ఒక్కసారి విన్నదేదీ ఆవిడ దగ్గర్నుంచి పోయేది కాదు. నేను ఆశ్చర్యపోతే, "మీరు మర్చిపోయినా పుస్తకంలో ఉంటుంది. నాకా సదుపాయం లేదు కదమ్మా" అనేవారు.

ఏడో అధ్యాయం అయిన రోజు ఆవిడ గోంగూర పక్కన పెట్టి, "తలుపు వెనక గొడుగుందని పోలీసాయన తీశాడు. ఆ గొడుగు ఎవరు తెచ్చారు?" అన్నారు. ఎవరూ తేలేదు. నాకూ గుర్తులేదు. కాకినాడకి ఫోన్ చేస్తే లెక్చరరుగారు, రికార్డింగుకీ పుస్తకానికీ అక్షరం తేడా లేదని కొంచెం గట్టిగానే చెప్పారు. ఆయన తప్పేం లేదు. ఆయన దగ్గరున్నది నేను స్కాన్ చేసి పంపిన పుస్తకమే. ఎప్పుడో బైండు చేసినవాడు అంచులతోపాటు పేజీ అంకెలు కూడా కోసేశాడు. పిన్నిగారు పుస్తకం చేతిలోకి తీసుకుని, కాగితాలు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసి, ఒకచోట ఆగారు. చెమ్మకి రెండు కాగితాలు అతుక్కుపోయి ఒక్కటిగా ఉన్నాయి. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి, సందులోకి పోనిచ్చి, చిరగకుండా విడదీశారు. లోపలి పేజీల్లో వాన కురుస్తోంది, కాంపౌండరు గొడుగేసుకుని జమీందారింటికి వస్తున్నాడు. అక్షరం రాని పిన్నిగారు లేకపోతే చదువుకున్న మేమంతా కలిసి ఆ నవలలో హంతకుణ్ణి తప్పించి ఉండేవాళ్ళం.

ఆ రోజే ఆవిడ తేల్చేశారు. "కాంపౌండరేనమ్మా. వాన వెలిసి గొడుగు మర్చిపోయినవాడు మర్నాడొచ్చి అడుగుతాడు. ఇతను అడగలేదు." చివరిదాకా ముందే చదివేసిన నేను మొహంలో ఏమీ కనపడనివ్వకుండా నీళ్ళు తాగాను. ఆ తర్వాత పన్నెండు అధ్యాయాలూ ఆవిడ ఆ కాంపౌండరు మీద ఒక కన్నేసి ఉంచే విన్నారు.

చివరి అధ్యాయం ముందు నాకు జలుబు చేసింది. పుస్తకమంతా ఒకే గొంతులో ఉండాలి కనుక గొంతు కుదుటపడేదాకా ఆగాల్సిందే. పిన్నిగారు రెండు పూటలా మిరియాల కషాయం పట్టుకొచ్చారు. నేను మొహమాటపడితే, ఇది నీ మీద ప్రేమతో కాదమ్మాయ్, ఆ కాంపౌండరు కోసం అన్నారు. ఆఖరి సాయంత్రం గ్లాసు తీసుకుని వెళుతూ గుమ్మంలో ఆగి, "నే చెప్పింది నిజమా కాదా? నోటితో చెప్పొద్దులే, తలాడించు చాలు" అన్నారు. ఎల్లుండి వింటారుగా పిన్నిగారూ అని నవ్వాను. తలాడించడానికి ఎంతసేపు పడుతుంది? కథలో బిగువు పోతుందనుకున్నాను. ఆ తెలివితేటలకి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పన్నెండోరోజు దాటాక చివరి అధ్యాయానికి కూర్చున్నాను. రెండు పేజీలు చదివానో లేదో, కిటికీలోంచి కుక్కర్ విజిల్ గట్టిగా వినిపించింది. ఉలిక్కిపడ్డాను. లెక్చరరుగారు పంపే జాబితాల్లో రైళ్ళుండేవి, కాకులుండేవి, నా దగ్గులుండేవి. ఒక్కసారైనా కుక్కర్ లేదు. పిన్నిగారి కోడలు పరుగున గుమ్మంలోకి వచ్చింది. "అయ్యో, మర్చిపోయానండి వదినగారూ. అత్తయ్యగారుండగా మీరు చదివేటప్పుడు కుక్కర్ పెట్టనిచ్చేవారు కాదండి. మిక్సీ కూడా వద్దనేవారు. పదింటికల్లా అన్నీ అయిపోవాలనేవారు."

మా వీధి ఆ గంటలో దానంతటదే సద్దుమణుగుతుందని నేను మావాళ్ళ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో. పీట మీద ఆవిడ చేసిన పనులు అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. గోంగూర తుంచడం, చింతపండు పిక్కలు తీయడం, వత్తులు చేయడం. ఒక్కరోజు కూడా కొబ్బరికాయ కొట్టలేదు, రోకలి పట్టలేదు. ఆ పుస్తకంలో నా గొంతు వెనక ఉన్న నిశ్శబ్దమంతా ఆవిడ పెట్టిందే. మైకు ఆపేసి చాలాసేపు ఏడ్చాను.

కోడలు పొయ్యి ఆపేసింది. నేను మళ్ళీ మొదటినుంచి చదివాను. గొడుగు కోసం మర్నాడు ఎందుకు రాలేదని పోలీసాయన ఒకణ్ణి అడిగాడు, సరిగ్గా పిన్నిగారు అన్నట్టే. తర్వాత వాక్యంలో హంతకుడి పేరు ఉంది. చదివాను. అధ్యాయం ముగించి, కాకినాడ పంపాను.

లెక్చరరుగారి జాబితా మర్నాడే వచ్చింది. ఈసారి ఒక్కటే రాశారు, హంతకుడి పేరు తర్వాత నాలుగు సెకన్లు ఖాళీగా ఉంది, తగ్గిస్తే బాగుంటుందని. దాన్ని అలాగే ఉంచమని బతిమాలుకున్నాను. ఆ నాలుగు సెకన్లూ నేను కిటికీలోంచి కింద పీట కేసి చూస్తూ తలాడిస్తున్నాను.