ముందు సీట్లో గోలీ: సహం నుంచి మస్కట్‌కు ఒక ఐస్ హాకీ ప్రయాణం

నాకు చలి పడదు. కాకినాడలో పుట్టినదాన్ని, డిసెంబరులో కూడా ఫ్యాను ఆపనివ్వనిదాన్ని. ఒమన్‌లో సహం అనే ఈ సముద్రపొడ్డు ఊళ్లో ఎనిమిదేళ్లుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఇక్కడి ఎండను రోజూ తిడుతూనే ఉంటాను గానీ, నిజం చెప్పాలంటే అది నా ఒంటికి పడింది. అలాంటి నేను మొన్న శుక్రవారం రెండు వందల కిలోమీటర్లు వెళ్లి మరీ మంచుగడ్డ పక్కన కూర్చుని వచ్చాను. అందుకు కారణం మల్లేశ్.

మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్లు ఇక్కడి కన్‌స్ట్రక్షన్ సైట్లలో పనిచేసి, లైసెన్సు సంపాదించి, నిరుడంతా మా స్కూలు బస్సు నడిపాడు. రెండు వారాల కిందట మస్కట్‌లో కొత్తగా పుట్టిన ఐస్ హాకీ జట్టుకు డ్రైవరుగా కుదిరాడు. ఆటగాళ్లకు నెలనెలా జీతాలిచ్చే అసలు సిసలు ప్రొఫెషనల్ జట్టే, కాకపోతే దాని వయసు మూడు మ్యాచ్‌లు. మూడూ ఓడింది, మొదటిదాంట్లో పదకొండు గోల్స్ తినేసింది. నాలుగోదానికి రమ్మని మల్లేశ్ ఫోన్ చేశాడు.

“ఒక్కపారి వచ్చి సూడుండ్రి మేడం. పదకొండు ఎండకాలాలు సైట్ల మీదనే పాయె. ఇప్పుడు డ్యూటీల స్వెట్టర్ ఏస్కుంటున్న! ఫోటో పంపితే మా ఇంటామె నమ్ముతలేదు” అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. “ఈ నెలంత ట్రయలే మేడం. ఏదన్న తప్పు జేస్తె మల్ల సైట్‌కే.”

మావారిని పిలిస్తే, “మంచు మీద కర్రసామేమిటి, నువ్వెళ్లిరా” అని దుప్పటి ముసుగేశారు. మామూలుగా అయితే సహం నుంచి మస్కట్‌కు బస్సులో మూడు రియాళ్ల లోపే అవుతుంది. నాకు ఆ ఖర్చూ తప్పింది. మా పక్క ఊరు సొహార్‌లో కుట్టించిన జట్టు యూనిఫారాలు తీసుకురావడానికి గురువారమే వచ్చిన మల్లేశ్, ఆ రాత్రి పాత రూమ్మేట్ల దగ్గర పడుకుని, ఉదయం పదింటికి మినీబస్సుతో మా గుమ్మం ముందు దిగాడు. ఒంటి మీద జట్టు పేరున్న నీలం స్వెట్టరు. బయట ముప్పై నాలుగు డిగ్రీలు.

నేను ముందు సీట్లో కూర్చోబోతుంటే ఆపాడు. “ఆగుండ్రి మేడం, గా సీట్ గోలీకి.” జట్టు మేనేజర్ జాయ్ గారిది కేరళలోని మలబారు. ఆయన హిందీలో పంపిన వాయిస్ మెసేజి వినిపించాడు: “సహం సే గోలీ లేకే ఆనా. ఆగే కీ సీట్, ఏసీ ఫుల్. భూల్నా మత్.” సహం నుంచి గోలీ తీసుకురా, ముందు సీటు, ఏసీ ఫుల్, మరచిపోకు అని.

“ఏం గోలీనో, ఏం మాత్రనో చెప్పలే మేడం. ఆయనకు ఎప్పుడు తలనొప్పే. కాని మస్కట్ల దొర్కదా, సహం నుంచే తేవాల్నా?”

ఇక్కడే నా పాండిత్యం పనికొచ్చింది. “ఇక్కడి మందుల షాపులో ఆయనకు తెలిసినవాళ్లు ఎవరో ఉండుంటారు. ఏసీ ఫుల్ అన్నారంటే చల్లగా ఉంచాల్సిన మందేమో” అన్నాను. షాపులో అలాంటిదేమీ అడగలేక తలనొప్పి మాత్రల డబ్బా ఒకటి కొన్నాం, ఆరువందల బైసాలు, అంటే అర రియాలు పైన. మల్లేశ్ దాన్ని ముందు సీట్లో పెట్టి, దొర్లిపోకుండా సీటుబెల్టు కట్టి, ఏసీ ఆఖరుదాకా తిప్పాడు. నేను వెనక సీట్లో, పైట కొంగు చెవుల మీదుగా చుట్టుకుని కూర్చున్నాను. పదిన్నరకు బయలుదేరాం.

ఈ దారి నడపడానికి హాయిగా ఉంటుంది. ఎడమ చేతి వైపు కనబడీ కనబడకుండా సముద్రం, కుడివైపు ఖర్జూర తోటలూ దూరంగా కొండలూ. శుక్రవారం పొద్దున రోడ్డు ఖాళీ. కాకపోతే నూట ఇరవై దాటితే రాడార్ ఫోటో తీస్తుంది కాబట్టి మల్లేశ్ ముల్లు కదలనివ్వడు. పావు తక్కువ పన్నెండుకు బర్కాలో ఒక మలయాళీ చాయ్ కొట్టు ముందు ఆపాం. కరక్ చాయ్ రెండువందల బైసాలు. వేడి కప్పును బుగ్గకు ఆనించుకున్నానో లేదో ఫోన్ మోగింది. మల్లేశ్ స్పీకరులో పెట్టాడు.

“గోలీ ఆరామ్ సే హై?” జాయ్ గారు, గోలీ క్షేమమేనా అని.

“జీ సర్. ఆగే సీట్, ఏసీ ఫుల్.”

“గోలీనే నాస్తా కియా?”

మల్లేశ్ ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టాడు. “మేడం, గోలీ నాష్టా చేసిందా అని అడుగుతున్నడు!”

“నాస్తా ఆయన చెయ్యాలి, ఆ తర్వాత గోలీ వేసుకోవాలి అని చెప్పు” అన్నాను టీచరమ్మ దర్జాతో. అతను అదే చెప్పాడు. అటునుంచి, “గోలీ కో ఫోన్ దో,” గోలీకి ఫోన్ ఇవ్వు అని వినిపించింది.

మల్లేశ్ ఒకసారి ఫోన్‌ని, ఒకసారి బెల్టు కట్టుకుని కూర్చున్న మాత్రల డబ్బాని చూశాడు. “గోలీ బాత్ నహీ కర్తా సర్” అన్నాడు మెల్లగా, గోలీ మాట్లాడదని.

అప్పుడు జాయ్ గారు అరిచిన అరుపుకు చాయ్ కొట్టతను కూడా బయటికి వచ్చాడు. “యూసుఫ్! గోల్‌కీపర్ యూసుఫ్! గోలీ!”

నా నోట్లో చాయ్ నోట్లోనే ఉండిపోయింది. ఐస్ హాకీలో గోల్‌కీపర్‌ని గోలీ అంటారట. యూసుఫ్‌ది సహం. తన కారు గ్యారేజీలో ఉందని మన బస్సు కోసం పొద్దుటినుంచి చూస్తున్నాడు. జట్టుకు వేరే గోలీ లేడు. మూడున్నరకు మ్యాచ్.

మల్లేశ్ స్వెట్టరు విప్పి, నీటుగా మడిచి, యూనిఫారాల మూట మీద పెట్టాడు. “నాకేం దెల్సు మేడం, మేమందరం యూసుఫ్ భాయ్ అనే అంటం. అయిపాయె. మల్ల సైటే.” నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే మనిషిని పక్కనుండి, ఒక్కసారి అనుమానించకుండా మల్లేశ్‌ని మందుల షాపుకు తీసుకెళ్లాను. “తప్పు నాది. బండి తిప్పు” అన్నాను.

ఒంటిగంటకు మళ్లీ సహం. యూసుఫ్ ఇరవై రెండేళ్ల కుర్రాడు, తలుపంత ఎత్తు. శుక్రవారం నమాజు ముగించుకుని నింపాదిగా గుమ్మంలో నిలబడ్డాడు. మంచం పట్టేంత సంచి పక్కనుంది. “ఆయేంగే, మాలూమ్ థా,” వస్తారని తెలుసు అన్నాడు, పావుగంటే ఆలస్యమైనట్టు. ఎత్తుకుని బస్సులో పడేద్దామంటే వాళ్లమ్మ అడ్డం వచ్చింది. కహ్వా, అంటే వాళ్ల ఏలకుల కాఫీ, తాగకుండా ఈ ఇళ్లలోంచి ఎవరూ కదలరు. మల్లేశ్ ఇన్నేళ్లలో ఒమనీల గోడలెన్నో కట్టాడు గానీ ఒమనీ ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. ఖాళీ కప్పు అలాగే చాపుతున్నాడు, ఆవిడ పోస్తూనే ఉంది. నాలుగో కప్పుకు నాకు వెలిగింది. “కప్పు ఊపు మల్లేశ్! ఊపితేనే చాలని అర్థం!” ఒకటీ ఇరవైకి బయటపడ్డాం, ముందు సీట్లో గోలీ, మల్లేశ్ జేబులో మాత్రల డబ్బా.

గోలీ కట్టుకునే మెత్తలూ కవచాలూ చూశాక ముందు సీటు ఎందుకో, ఫుల్ ఏసీ ఎందుకో అర్థమైంది. మ్యాచ్ దగ్గర టైముండదని బస్సులోనే కట్టించాం. ఒక్కో కాలికి పరుపు చుట్టినట్టుంది. నేను వెనకనుంచి పట్టీలు బిగిస్తుంటే మస్కట్ శివార్లలో సీబ్ దగ్గర సిగ్నల్‌లో పక్క కార్లవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీశారు. మూడూ ఇరవైకి మస్కట్ బౌషర్‌లోని ఐస్ రింకు ముందు ఆగాం. గోలీ తలుపులో ఇరుక్కున్నాడు. నేను లోపలినుంచి తోశాను, మల్లేశ్ బయటినుంచి లాగాడు.

టికెట్ మూడు రియాళ్లు, నాకు పాసుంది. లోపల అడుగుపెట్టగానే పళ్లు కొట్టుకోవడం మొదలైంది. మల్లేశ్ మడిచిన స్వెట్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. “మీరేస్కోండ్రి మేడం. నాకింక పనిలేదు.” వద్దనే ధైర్యం నా ఎముకలకు లేదు. ఆట గురించి పెద్దగా చెప్పలేను, కర్రలతో కొట్టే నల్లటి బిళ్ల ఎప్పుడెటు పోతుందో కంటికి ఆనదు. కానీ యూసుఫ్ మాత్రం గోడలా నిలబడ్డాడు. పదకొండు తిన్న జట్టు మూడే తిన్నది, రెండు కొట్టింది. ఓడిపోయారు గానీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మల్లేశ్ చప్పట్లు కొట్టలేదు, మేనేజర్ ఎప్పుడొస్తారా అని తలుపు వైపే చూస్తున్నాడు.

జాయ్ గారు వచ్చారు. కణతలు నొక్కుకుంటూ మల్లేశ్ ముందు నిలబడి, “గోలీ హై క్యా?” అన్నారు.

మల్లేశ్ ఒకడుగు వెనక్కి వేసి, ఏ గోలీ అని అడిగాడు. “కౌన్సా గోలీ సర్?”

“సర్ దర్ద్ కా!” తలనొప్పి మాత్రట.

మల్లేశ్ జేబులోంచి డబ్బా తీసి రెండు చేతులా అందించాడు. అదింకా చల్లగానే ఉంది. జాయ్ గారు డబ్బాను చూశారు, మల్లేశ్‌ని చూశారు, పొద్దున ఫోన్‌లో విన్న ‘ఆగే సీట్, ఏసీ ఫుల్’ దేనికో ఇప్పుడు వెలిగిందేమో, పగలబడి నవ్వారు. రెండు మాత్రలు మింగి వెళ్తూ వెళ్తూ, “కల్ సుబహ్ ఆఠ్ బజే బస్ ధోనా” అన్నారు.

రేపు పొద్దున ఎనిమిదింటికి బస్సు కడగమంటున్నారంటే ఉద్యోగం ఉన్నట్టే. మల్లేశ్‌కు అది ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. నేను స్వెట్టరు విప్పి అతనికిచ్చాను. అక్కడే, ఆ చలిలో, తల ఇరుక్కుంటున్నా ఆగకుండా తొడుక్కున్నాడు. “మేడం, ఒక ఫోటో తీయుండ్రి. ఐస్ కూడ పడాలె” అన్నాడు.

రాత్రి బస్సుకు తిరిగొస్తూ దారంతా ఆ ఫోటోనే చూసుకున్నాను. చలంటే నాకు బాధ. పదకొండు ఎండకాలాలు మోసిన మనిషికి అది జీతం కన్నా పెద్ద ప్రమోషను. అది అర్థం కావడానికి నేను నా ఎముకలు కొరికించుకోవాల్సి వచ్చింది. మీరు ఈ మ్యాచ్‌లకు వెళ్లాలనుకుంటే ఒక్కటే సలహా: బయట ఎండ ఎంతున్నా ఉన్ని బట్టలు పట్టుకెళ్లండి, ఎవరైనా గోలీ తెమ్మంటే మాత్రం కాళ్లున్నదా లేనిదా అని అడిగి మరీ బయలుదేరండి.